విలువ చోటుకి పట్టకపోతే భాష ఏం చేయాలి? ఆర్గ్యుమెంట్లు, ఫార్మాటింగ్: మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. రిపోర్టులు తీసుకోవడానికి పనికొచ్చే చిన్న ప్రోగ్రామింగ్ భాష ఒకటి రాస్తున్నాను. పార్సర్ (కోడ్‌ని చదివి విడదీసే భాగం) అయిపోయింది, మూడు చోట్ల ఆగిపోయాను.
1) ఫంక్షన్ 8 బిట్ల సంఖ్య (255 దాటనిది) అడుగుతుంటే పిలిచినవాడు 300 ఇస్తే?
2) ఐదు స్థానాల కాలమ్‌లోకి ఆరంకెల సంఖ్య గానీ పొడుగాటి పేరు గానీ వస్తే?
3) ఫార్మాట్‌లో విలువలకి రెండు ఖాళీలుంటే మూడు ఆర్గ్యుమెంట్లు (విలువలు) ఇస్తే?
ఎర్రర్ ఇవ్వాలా, కోసేయాలా, పక్కకి పొర్లనివ్వాలా? మీకు దెబ్బ తగిలిన చోట్లు చెప్పండి.

రస్ట్‌రాయుడు
మొదటిదానికి నా దగ్గర మానని పుండు ఉంది. మోటారు నడిపే బోర్డుకి సీ భాషలో కోడ్ రాశాను. ఆగాల్సిన సమయం 300 మిల్లీసెకన్లు. ఫంక్షన్ తీసుకునేదేమో అన్‌సైన్డ్ చార్, అంటే 255 దాకానే. వేరియబుల్‌లోంచి పంపాను కాబట్టి కంపైలర్ నోరెత్తలేదు. 300 లోంచి 256 పోయి 44 మిగిలింది. మోటారు ఠక్‌ఠక్‌మని కొట్టుకుంటూనే ఉంది. వైర్లు మార్చాను, డ్రైవర్ చిప్ మార్చాను. చివరికి ఆసిలోస్కోప్ పెట్టి పల్స్ కొలిస్తే 44 అని తేలింది. రెండు రోజులు పోయాయి. ఎర్రర్ ఇవ్వు తమ్ముడూ, ఇంకో మాట లేదు. రస్ట్‌లో యు8 (8 బిట్ల సంఖ్య) అడిగిన చోట 300 రాస్తే కంపైలే అవ్వదు.

జావాజీవి
అదే రస్ట్‌ని మామూలు రిలీజ్ బిల్డ్ చేసి కూడిక పొర్లనివ్వండి. హద్దు దాటగానే చుట్టు తిరిగి మొదటికి వచ్చేస్తుంది, ప్యానిక్ (ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగడం) డీబగ్ బిల్డ్‌లోనే. జావా కూడా చుట్టు తిరుగుతుంది, కానీ ఎక్కడైనా ఒకేలా. వద్దనుకుంటే జావా 8 నుంచి, పట్టకపోతే ఎర్రర్ ఇచ్చే యాడ్‌ఎగ్జాక్ట్ ఉంది.

కొత్తకోడు
ఇంటీజర్‌కి హద్దే లేకుండా చేస్తే పోలా? పైథాన్‌లో ఈ బాధే లేదు.

జావాజీవి
@కొత్తకోడు ఉంది. పైథాన్ 3.11 లో 4300 అంకెలు దాటిన సంఖ్యని టెక్స్ట్‌గా మార్చమంటే వాల్యూఎర్రర్ ఇస్తుంది. అంత పెద్ద సంఖ్యలు పంపి సర్వర్‌ని కూర్చోబెట్టేస్తున్నారని ఆ హద్దు పెట్టారు. హద్దు లేని చోట కూడా ప్రింట్ చేసే దగ్గర హద్దు కావాల్సి వచ్చింది.

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య
బాబూ, 22 ఏళ్లుగా బ్యాంకుల బ్యాచ్ జాబ్‌లు చూస్తున్నాను. మీరు ఇప్పుడు తల పట్టుకుంటున్న దానికి కోబాల్ భాషలో ఎప్పుడో జవాబు ఉంది. ఆన్ సైజ్ ఎర్రర్ అని రాస్తే చాలు, పట్టనప్పుడు ఏం చేయాలో ప్రోగ్రామరే చెప్పుకుంటాడు.

ఓరుగల్లు_కోడర్
మావయ్యగారూ, అది యాడ్, కంప్యూట్ లాంటి లెక్కలకే. విలువని ఇంకో చోటికి కాపీ చేసే మూవ్‌కి లేదు. పిక్ 9(4) అనే నాలుగంకెల చోటులోకి 12345 మూవ్ చేస్తే 2345 మిగులుతుంది. పోయేది పెద్ద అంకె. పదివేలు మాయం, ఒక్క మెసేజ్ రాదు.

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య
ఫీల్డ్ సైజులు చూసుకోకుండా మూవ్ రాసేవాడు ప్రోగ్రామరే కాదు. నా జాబ్‌లలో ఒక్కసారి కూడా జరగలేదు.

ఓరుగల్లు_కోడర్
మీరు రాసినవాటిలో జరగలేదేమో. మాకు వేరేవాళ్లు రాసి వెళ్లిపోయిన కోడ్ ఇస్తారు. అందులో జరిగింది, రాత్రి రెండింటికి ఫోన్ నాకొచ్చింది.

పేస్లిప్_పద్మ
సంఖ్యల సంగతి మీరు తేల్చుకోండి, నాది పేర్ల బాధ. ఒక ఆఫీసుకి జీతాల స్లిప్పుల ప్రోగ్రాం సీలో ఉండేది. పేరుకి %.20ఎస్ (20 బైట్లు దాటితే కోసేయమని) పెట్టారు. ఇంగ్లిష్ పేర్లకి సరిపోయింది. తెలుగులో ప్రింట్ చేయమన్నారు. తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) లో మూడు బైట్లు. ‘వెంకటేశ్వర్లు’ 39 బైట్లు. 20 దగ్గర కోస్తే ‘వెంకటే’ వచ్చి, పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పడింది. ఆయన స్లిప్పు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, “అమ్మా, మా నాన్న పెట్టిన పేరు ఇది కాదు” అన్నారు. తల ఎత్తలేకపోయాను.

రస్ట్‌రాయుడు
బైట్ల దగ్గర కోయడం తప్పే. కోడ్ పాయింట్ల (యూనికోడ్‌లో విడివిడి గుర్తుల) దగ్గర కోస్తే సరిపోయేది.

పేస్లిప్_పద్మ
@రస్ట్‌రాయుడు అదీ చేశాం. ‘లక్ష్మి’ని నాలుగు కోడ్ పాయింట్లకి కోయండి. ల, క, పొల్లు, ష. ఏమైంది? ‘లక్ష’. పేరు కాలమ్‌లో ‘లక్ష’, పక్కన జీతం. చూసేవాళ్లు ఏమనుకోవాలి?

రస్ట్‌రాయుడు
అది కార్నర్ కేసు (అరుదుగా వచ్చేది) అండీ. దానికోసం భాష మొత్తం మార్చుకుంటామా?

ఓరుగల్లు_కోడర్
కార్నర్ కేసా? మన ఊళ్లలో వీధికో లక్ష్మి ఉంటుంది. తెలుగువాళ్లు చదివే రిపోర్టుకి భాష రాస్తూ తెలుగు పేరుని కార్నర్ కేసు అంటారా? ఈ మాటకి ఒళ్లు మండుతోంది.

రస్ట్‌రాయుడు
నేనన్నది ఆ అర్థంలో కాదు. నా పేరులోనూ ఒత్తులున్నాయి.

జావాజీవి
ఇద్దరూ ఆగండి. అసలు ‘శ్రీ’ ఎన్ని? బైట్లలో 12. జావా, పైథాన్ లెక్కలో 4. యూనికోడ్ పాత గ్రఫీమ్ (చదివేవాడికి ఒక అక్షరం) నియమాల్లో 2. 2023లో వచ్చిన 15.1 నుంచే తెలుగు ఒత్తులని కలిపి 1 గా చూస్తున్నారు. లైబ్రరీ పాతదైతే అక్షరం దగ్గరే కోశామనుకుని ‘శ్’ దగ్గర కోస్తారు.

మెయిన్‌ఫ్రేమ్_మావయ్య
రెండో తరగతి పిల్లాడిని అడగండి, ‘శ్రీ’ ఒక్క అక్షరం అంటాడు. దీనికి యూనికోడ్ ఎందుకు?

జావాజీవి
కంప్యూటర్ రెండో తరగతి చదవలేదు కాబట్టి ఎవరో నేర్పాలి సర్. నేర్పడానికే అన్నేళ్లు పట్టింది.

కొత్తకోడు
2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కనిపించని నాన్‌జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి, గుర్తుందా? ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. అంత పెద్ద కంపెనీకే మన గుణింతం అర్థం కాలేదు.

గోదారిగట్టు
అందరికీ థ్యాంక్స్. మూడో ప్రశ్న, కాలమ్‌లో పట్టని సంఖ్య సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

లెక్కల_సుబ్బు
సంఖ్యని మాత్రం ఎప్పటికీ కోయొద్దు బాబూ. పేరు తెగితే చూడగానే తెలిసిపోతుంది, 123456 తెగి 12345 అయితే ఎవరికీ తెలియదు. ఫోర్‌ట్రాన్‌లో ఐ4 (నాలుగు స్థానాలు) కి 12345 ఇస్తే **** పడుతుంది. ఎక్సెల్‌లో కాలమ్ ఇరుకైతే #### పడుతుంది. ఆ గుర్తులు చూడగానే ఆగుతాం. సీలో %5డి అంటే కనీసం ఐదు అని మాత్రమే, ఆరంకెలు వస్తే వరుస మొత్తం పక్కకి జరుగుతుంది. వరుస జరిగినా విలువ నిజం, అది నయం.

ఓరుగల్లు_కోడర్
వరుస జరగడం నయం కాదు. ఆ ఫైల్‌ని ఇంకో ప్రోగ్రాం స్థానాలు లెక్కపెట్టి చదువుతుంటే పక్క ఫీల్డ్ పాడవుతుంది. మా రాత్రి ఫోన్ల వెనక అది కూడా ఉంది. నక్షత్రం గుర్తులే పెట్టండి.

సీప్లస్_సీత
ఎర్రర్ ఇస్తే చాలు అనేవాళ్లకి ఒక మాట. 1996 జూన్ 4న ఏరియేన్ 5 రాకెట్ పేలింది. 64 బిట్ల ఫ్లోట్ విలువ 16 బిట్లలో పట్టలేదు. ఏడా భాష తన పని తాను చేసింది, ఎక్సెప్షన్ లేపింది. పట్టుకునేవాడు లేక ఆ కంప్యూటర్ ఆగిపోయింది. ఎర్రర్ లేపడం సగం పనే. అది ఎక్కడికి చేరుతుందో భాషలో ముందే తేలాలి.

జావాజీవి
మూడోది నేను చెప్తాను. గో భాష ప్రింట్ అయిన లైన్‌లోనే ‘ఎక్స్‌ట్రా’ అని మిగిలిన ఆర్గ్యుమెంట్‌ని రాసేస్తుంది, తక్కువైతే ‘మిస్సింగ్’ అంటుంది. లాగ్‌లకి బాగుంటుంది, జీతం స్లిప్పు మీద పడితే బాగుండదు. పైథాన్‌లో శాతం గుర్తు వాడితే టైప్‌ఎర్రర్, అదే ఫార్మాట్ మెథడ్‌కి ఎక్కువ ఇస్తే పట్టించుకోదు. ఒకే భాషలో రెండు నీతులు. మీరైతే కంపైల్ అప్పుడే లెక్కపెట్టి ఆపేయండి.

గోదారిగట్టు
రాత్రి కూర్చుని మార్చాను. సంఖ్య ఆర్గ్యుమెంట్ పట్టకపోతే ఎర్రర్. కాలమ్‌లో సంఖ్య పట్టకపోతే నక్షత్రం గుర్తులు. టెక్స్ట్ పట్టకపోతే మామూలుగా ఎర్రర్, పిలిచేవాడు ‘కోయి’ అని రాస్తేనే కోత, అదీ అక్షరం దగ్గరే, చివర మూడు చుక్కల గుర్తుకి ఒక చోటు. ‘శ్రీలక్ష్మి’కి 2 చోట్లు ఇస్తే ‘పేరు 3 అక్షరాలు, చోటు 2’ అంది. ‘కోయి’ అన్నాక ‘శ్రీ…’ వచ్చింది. ఎర్రర్ ఎవరికి చేరాలన్నది ఇంకా తేలలేదు, సీత గారూ.

పేస్లిప్_పద్మ
@గోదారిగట్టు ‘వెంకటేశ్వర్లు’కి 5 ఇచ్చి చూడు నాయనా.

గోదారిగట్టు
ఇచ్చాను పద్మ గారూ. వెం, క, టే, శ్వ, ర్లు. పేరు పూర్తిగా వచ్చింది.