ఆన్‌లైన్ చెక్-ఇన్ అయ్యాక విమానంలో సీట్లు మార్చేస్తే ఏమి అడగవచ్చు?

ప్రశ్న – పర్లాకిమిడి, గజపతి జిల్లా

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు మా కుటుంబంలో నలుగురికి టికెట్లు తీసుకున్నాము. మా అమ్మగారు మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు కాబట్టి ఆమెకు చక్రాల కుర్చీ కావాలని ముందే నమోదు చేయించి, అదనంగా డబ్బు చెల్లించి అందరికీ 12వ వరుసలోనే సీట్లు ఎంచుకుని, ముందురోజు రాత్రే ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ పూర్తి చేసి బోర్డింగ్ పాసులు ఫోనులో పెట్టుకున్నాము. మరునాడు పాతపట్నం, నరసన్నపేట మీదుగా కారులో విమానాశ్రయానికి చేరాక, సామాను వేసే కౌంటరులో మా చేతికి వేరే పాసులు ఇచ్చారు. వాటిలో అమ్మగారి సీటు బాగా వెనక్కు పోయింది, తొమ్మిదేళ్ల మా అమ్మాయి సీటు మా ఇద్దరికీ దూరంగా పడింది, నాకు మాత్రం అడగకుండానే మొదటి వరుసలో, మామూలుగా ఎక్కువ ధర పలికే సీటు వచ్చింది. కారణం అడిగితే సిస్టమ్ అలా ఇచ్చిందన్నారు. విమానం ఎక్కాక ఒక పెద్దాయన దయతో సీటు మార్చుకోవడానికి ఒప్పుకున్నారు కాబట్టి పాప వాళ్లమ్మ పక్కన కూర్చోగలిగింది.

తిరుగు ప్రయాణం ఇంకా ఉన్నది. ఇలా ఎందుకు జరుగుతుంది, సీట్ల కోసం కట్టిన డబ్బు తిరిగి వస్తుందా, నేను కోరని ఆ ముందు సీటుకు తరువాత ఎప్పుడైనా డబ్బు అడుగుతారా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – బరంపురం (టికెట్ల బుకింగ్ పని చేసే వ్యక్తి)

మీరు చెప్పిన 12వ వరుసను బట్టి చూస్తే విమానం మారి ఉంటుందని నా అంచనా. మన దేశీయ మార్గాలలో తిరిగే 180, 186 సీట్ల ఏ320 విమానాలలో సాధారణంగా 12, 13 వరుసలు రెక్కల మీది అత్యవసర ద్వారాల పక్కన ఉంటాయి. అక్కడ చక్రాల కుర్చీ సాయం కోరినవారిని గాని, చిన్నపిల్లలను గాని, గర్భిణులను గాని కూర్చోనివ్వరు, ఎందుకంటే ప్రమాదం వస్తే ఆ ద్వారం తెరిచి మిగతావారికి దారి ఇవ్వవలసిన బాధ్యత ఆ వరుసలోని వారిది. మీరు సీట్లు ఎంచుకున్న రోజున ఆ మార్గానికి ఏ321 వంటి పొడవైన విమానం కేటాయించి ఉంటే అందులో 12వ వరుస మామూలు వరుసే అయి ఉండవచ్చు. ఆఖరి నిమిషంలో దాని బదులు చిన్నది వచ్చినప్పుడు సిస్టమ్ పాత విమానం సీట్ల పటాన్ని కొత్త విమానం పటం మీద సర్దుతుంది, సర్దలేని వారిని ఖాళీ ఉన్న చోటికి తోస్తుంది. కౌంటరులో ఉన్న ఉద్యోగికి కూడా ఇందులో చాలాసార్లు ఫలితం కనిపిస్తుందే తప్ప కారణం కనిపించదు.

ఇతర కారణాలూ ఉన్నాయి. ఏ320లో ఒక పక్కనున్న మూడు సీట్లకు నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయి కాబట్టి, ఆ మూడింటిలో ఒడిలో శిశువుతో ఇద్దరు తల్లులను కూర్చోబెట్టలేరు. అప్పుడు ఒకరిని కదపవలసి వస్తుంది, ఆ కదలిక ఇంకొకరి మీదికి పోతుంది. సీటు బెల్టు పాడైనా, తక్కువ మంది ఉన్నప్పుడు బరువు ముందు వెనుకలకు సమంగా పంచవలసి వచ్చినా ఇదే పరిస్థితి.

విమాన సంస్థల ప్రయాణ నిబంధనలలో మీరు ఎంచుకున్న సీటునే ఇస్తామన్న హామీ ఉండదు. భద్రత కోసం గాని, నిర్వహణ అవసరం కోసం గాని ఎప్పుడైనా, ఎక్కిన తరువాత కూడా మార్చే అధికారం తమదే అని రాసుకుంటారు. కాబట్టి 12ఏ నాదే అని గేటు దగ్గర వాదించి ప్రయోజనం లేదు. కాని సీటు ఎంపికకు విడిగా తీసుకున్న రుసుము వేరే విషయం. మీరు కొన్న సౌకర్యం ఇవ్వకుండా, దానికి సమానమైనది కూడా ఇవ్వకుండా సంస్థ తానుగా మార్చితే ఆ రుసుము వాపసు అడగడం పూర్తిగా న్యాయం. సీటు ఎంపిక రసీదు, పాత బోర్డింగ్ పాసు ఫొటో, కొత్త పాసు, ఈ మూడూ జత చేసి మెయిల్ పెట్టండి. పాత పాసు ఫోనులో ఉంటుందిలే అనుకోకూడదు, సీటు మారగానే యాప్‌లో కొత్తది పాతదాని స్థానంలో వచ్చేస్తుంది, కనుక చెక్-ఇన్ అయిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

మొదటి వరుస గురించి భయం వద్దు. సంస్థ తన అవసరం కోసం మిమ్మల్ని మంచి సీటుకు మార్చితే తరువాత డబ్బు వసూలు చేయదు. డబ్బు అడిగేది మీరు యాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ప్రతిపాదనను నొక్కి ఒప్పుకున్నప్పుడే. (ఆ వరుసలో ఎదుట సీటు ఉండదు కాబట్టి చేతిసంచి కూడా పైన అరలోనే పెట్టాలి, భోజనం బల్ల చేతిపిడిలోంచి బయటికి వస్తుంది కాబట్టి ఆ పిడి ఎత్తడం కుదరదు. ఉచితంగా వచ్చినదంతా సుఖమని అనుకోనక్కరలేదు.)

జవాబు – రాయగడ

బరంపురం వారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను. పాప విషయంలో మీకు గట్టి ఆధారం ఉన్నది. 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్ (బుకింగ్ సంఖ్య) మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. దయగల పెద్దాయన కోసం ఎదురు చూడనవసరం లేదు, కౌంటరులోనే ఈ ఆదేశం పేరు చెప్పి మార్చమని అడగండి. అయితే అందులో ‘అదే పీఎన్ఆర్’ అన్న షరతును గమనించాలి. మీ నలుగురి టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా?

 

ప్రశ్నించిన వ్యక్తి – పర్లాకిమిడి

ఒకే బుకింగ్‌లో లేవండి. అమ్మగారి టికెట్, పాప టికెట్ బెంగళూరులో ఉన్న మా తమ్ముడు తీశాడు, మా దంపతులవి నేను తీశాను. తిరుగు టికెట్లు కూడా అలాగే ఉన్నాయి. ఇప్పుడు కలపడం సాధ్యమా?

జవాబు – బరంపురం

రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లను ఒకటిగా కలపడం సాధారణంగా కుదరదు, కాని సంస్థకు ఫోన్ చేసి ఒక బుకింగ్‌లో మరొక దాని సంఖ్య, పాప ఎవరితో వస్తున్నదో రాయించవచ్చు. సిస్టమ్ దృష్టిలో మీ అమ్మగారు ఆ పాపకు తోడు కాబట్టి, వాళ్లిద్దరినీ పక్కపక్కన ఉంచితే నియమం తీరినట్టే. మీకు మాత్రం చక్రాల కుర్చీలో ఉన్న పెద్దావిడకు పాపను అప్పగించినట్టవుతుంది. అందుకే తిరిగి వచ్చేటప్పుడు ఇల్లు కదలకముందు యాప్‌లో సీట్లు మరొకసారి చూసుకోండి, మారి ఉంటే వెంటనే ఫోన్ చేయండి. దేశీయ విమానాలకు కౌంటర్లు సాధారణంగా బయలుదేరే సమయానికి గంట ముందే మూసేస్తారు కనుక, మార్పులు అడగాలనుకునే కుటుంబం అంతకన్నా బాగా ముందే చేరాలి.

ప్రశ్న – ఛత్రపురం, గంజాం జిల్లా

ఇదే సందర్భంలో అడుగుతున్నాను. మా బావగారు హైదరాబాదు నుంచి దుబాయికి బిజినెస్ తరగతి టికెట్ కొంటే, గేటు దగ్గర ఎకానమీలో కూర్చోబెట్టారు. దానికీ సీటు మార్పు అన్న జవాబే ఇస్తారా?

జవాబు – బరంపురం

ఇవ్వకూడదండి. అది తరగతి తగ్గించడం, దానికి నియమం స్పష్టంగా ఉన్నది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉన్న డీజీసీఏ సవరణ ప్రకారం, ప్రయాణికుడి ఇష్టం లేకుండా తరగతి తగ్గిస్తే దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. విదేశీ ప్రయాణంలో దూరం 1,500 కి.మీ. లోపు అయితే 30 శాతం, 1,500 నుంచి 3,500 కి.మీ. వరకు 50 శాతం, ఆపైన 75 శాతం. హైదరాబాదు, దుబాయి మధ్య దూరం రమారమి 2,500 కి.మీ. కనుక సగం రావాలి. తరగతి తగ్గించినట్టు కౌంటరులో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది, బిజినెస్ పాసు, ఎకానమీ పాసు రెండూ ఉన్నా సరిపోతుంది.

ఇక బోర్డింగ్ పాసు మీద సీటు సంఖ్యే లేకుండా, గేటు దగ్గర ఇస్తామని చెబితే మాత్రం జాగ్రత్త పడాలి, సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మి ఉండవచ్చు. సమయానికి వచ్చిన ప్రయాణికుడిని ఎక్కనివ్వకపోతే, గంటలోపు బయలుదేరే వేరే విమానం చూపిస్తే తప్ప, పరిహారం ఇవ్వాలి. 24 గంటలలోపు పంపితే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన రుసుముల మొత్తానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000 రూపాయలు.

ప్రశ్నించిన వ్యక్తి – పర్లాకిమిడి

సీటు రుసుము వాపసు కోసం మెయిల్ పెట్టాను. జవాబు రాకపోతే హైదరాబాదు వెళ్లి తిరగవలసి ఉంటుందా?

జవాబు – రాయగడ

అవసరం లేదు. ముందు సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, ఆపైన అప్పీలు వినే వారి అప్పిలేట్ అధికారికి రాయండి. అది కూడా తేలకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. చివరికి కేసు వేయవలసి వచ్చినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదీ నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు విలువ గల వాటికి రుసుము లేదు, గడువు రెండేళ్లు. సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు గజపతి జిల్లా దాటనక్కరలేదు.