63 అంటే 36 రాస్తున్నారు: అప్పు తీసివేతలో పుల్లలకూ పలకకూ మధ్య ఏ మెట్టు వేయాలి?

హైదరాబాద్ శివార్లలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి, 34 మంది. ఇంట్లో 19 మందిది తెలుగు, 11 మందిది ఉర్దూ లేదా హిందీ, నలుగురిది ఒడియా. పీరియడ్ 45 నిమిషాలు. పుస్తకం తెలుగు, ఇంగ్లీషుల్లో ఉంది. ఆ పదిహేను మందికి రెండూ పరాయివే.

63 - 28 ఇస్తే వీళ్లలో పది మంది దాకా 45 వేస్తున్నారు. 3లోంచి 8 పోదు కాబట్టి, పదుల్లోంచి ఒక పది అప్పు తెచ్చుకోకుండా, 8లోంచి 3 తీసేస్తున్నారు. అసలు చిక్కు అంతకంటే ముందే ఉంది. 'అరవై మూడు'లో పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసే వరసలోనే వినిపిస్తాయి. 'తిర్‌సఠ్' (ఉర్దూ, హిందీల్లో 63)లో మూడే ముందు. ఒడియాలోనూ అంతే. నోటితో చెబితే 36 రాసేస్తున్నారు.

మూడు వారాలు పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించాం. కట్ట విప్పి లెక్కపెడితే అందరికీ 35 వస్తోంది. పుల్లలు పక్కన పెట్టి పలక పట్టగానే మళ్లీ 45. తెలుగు పిల్లల్ని జంట చేస్తే లెక్క వాళ్లే చేసేస్తున్నారు, పక్కవాళ్లు దించుకుంటున్నారు. స్థాయిల వారీగా కూర్చోబెడితే ఉర్దూ పిల్లలంతా ఒకే మూలకు చేరారు, అది అసలు నచ్చలేదు. ఇంగ్లీషు పేర్లతో వరస కుదిరింది గానీ సిక్స్‌టీ, సిక్స్‌టీన్ ఒకేలా వినిపిస్తున్నాయట!

ఇంటి భాషలో లెక్కపెట్టడం మాన్పించకుండా, రోజుకు 15 నిమిషాల్లో, పుల్లల నుంచి పలకకు దాటించడానికి మీ తరగతిలో పనిచేసిన పద్ధతి ఏది?