మందారం మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి, ఏం చేయాలి?

కుండీలో పెంచుతున్న ఎర్ర ముద్దమందారం గురించి మీ సలహా కావాలి. మొక్క ఏపుగా ఉంది, కొమ్మకొమ్మకూ మొగ్గ వేస్తోంది. కానీ రేపో మాపో పూస్తుందనుకున్న మొగ్గ తొడిమ దగ్గర పసుపు రంగుకు తిరిగి రాలిపోతోంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఎండ రోజుకు ఆరు గంటలైనా తగులుతుంది. కుండీ 12 అంగుళాలది, అడుగున నీరు నిలవదు, పైమట్టి ఆరాకే నీళ్లు పోస్తున్నాను. కొమ్మల చివర పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాను. ఆ పురుగు పోయింది, మొగ్గలు రాలడం మాత్రం ఆగలేదు.

రాలిన మొగ్గ విప్పి చూస్తే లోపల రేకుల అంచులు గోధుమ రంగులో ఉన్నాయి. ఇది తామర పురుగుల పనేనా? అవి మొగ్గలోనే దాక్కుంటాయి కాబట్టి పైన చల్లింది వాటికి అందడం లేదేమో. లేక పశువుల ఎరువుతో నత్రజని ఎక్కువై పొటాషియం చాలడం లేదా? ఆకులు మరీ ముదురు పచ్చగా ఉండటంతో ఈ అనుమానం వచ్చింది.

రాలినవన్నీ ఏరి దూరంగా పారేస్తున్నాను. పక్క కుండీల పూల మీద తేనెటీగలు వాలుతుంటాయి, అందుకే ఘాటైన రసాయనాలు కొట్టను. ముద్దమందారాన్ని ఇలాంటి స్థితి నుంచి తేరుకునేలా చేసినవారు ఉంటే, ముందుగా పురుగు సంగతి చూడాలో ఎరువు మార్చాలో దయచేసి చెప్పండి.