సైకియాట్రీ చదివి బ్రెయిన్ స్కాన్ల రీసెర్చ్‌లోకి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? (బెంగళూరు)

హిందూపురం_అక్క:
మా తమ్ముడు ఎండీ సైకియాట్రీ చివరి సంవత్సరం. తర్వాత బెంగళూరులోనే ఉండి, స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినపడటం, లేనివి నమ్మడం లాంటివి ఉండే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళ మెదడు ఎమ్మారై స్కాన్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటున్నాడు. నాన్న అలిగి కూర్చున్నారు. "క్లినిక్ పెట్టుకోక ముప్పై దాటాక కూడా చదువేంట్రా" అని. ఆ పని చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

లక్కసంద్ర_లాబ్:
అక్కా, నేను డాక్టర్ని కాను, ఇలాంటి ప్రాజెక్టులోనే ఆరేళ్ళు పనిచేశాను. ఒక రోజు సంగతి చెప్తాను. కదిరి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. స్కాన్ గదిలోకి లోహం ఏదీ వెళ్ళకూడదు. ఆవిడ తాళికి నాలుగైదు పిన్నీసులు వేలాడుతున్నాయి. పిన్నీసులు ఇచ్చింది కానీ తాళి మాత్రం తియ్యనంది, ఏడ్చేసింది. చివరికి వాళ్ళత్త బయటికెళ్ళి పసుపు కొమ్ము తెచ్చి, దారానికి కట్టి మెళ్ళో వేసింది. అప్పుడు పడుకుంది. లోపల ఆ చప్పుడు వినాలి మీరు, చెవుల్లో దూది పెట్టినా గొట్టంలో సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. పాపం, తల కదిలిపోయింది. రెండున్నర గంటల శ్రమ, ఆ డేటా వాడలేకపోయాం.

కదిలితే ఏమవుతుందంటారా? మిల్లీమీటరు కంటే తక్కువ కదిలినా మెదడు భాగాల మధ్య సంబంధాలు ఉన్నదానికంటే వేరేలా కనిపిస్తాయని 2012 ప్రాంతంలో గట్టిగా తేలింది. జబ్బున్నవాళ్ళు భయంతో ఎక్కువ కదులుతారు. అది పట్టించుకోకపోతే కదలికనే జబ్బు అనుకుని పేపర్ రాసేస్తాం. మీ తమ్ముడికి మనుషుల్ని ఓపిగ్గా కూర్చోబెట్టి మాట్లాడే గుణం ఉంటే సగం పని వచ్చినట్టే.

జయనగర్_సైకియాట్రిస్ట్:
లక్కసంద్ర గారు చెప్పింది నిజం. 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టన్ బృందం సీటీ స్కాన్లు తీసి, దీర్ఘకాలంగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు మెదడులో ద్రవం నిండే గదులు పెద్దవిగా ఉన్నాయని చూపించింది. అప్పటిదాకా "తల్లి పెంపకం లోపం" అని నిందించిన రోజులవి. అందుకే ఆ పని నాకు చాలా గొప్పది. కానీ అవి గుంపుల సగటులో కనబడే తేడాలు. ఒక్క మనిషి స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా అని ఈరోజుకీ చెప్పలేం. మేం స్కాన్ రాసేది గడ్డలాంటివి లేవని చూసుకోవడానికే. స్కాన్‌లో కనబడే తేడాలకీ మనిషి లక్షణాలకీ సంబంధం నమ్మదగ్గట్టు తేలాలంటే వేలమంది స్కాన్లు కావాలని 2022లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. కాబట్టి ఒక్కడే ముప్పైమందిని స్కాన్ చేసి పేరు తెచ్చుకుందామనుకోవద్దని చెప్పండి. పెద్ద బృందంలో చేరమనండి. గ్రాంటు డబ్బు మూడేళ్ళకో ఐదేళ్ళకో అయిపోతుంది, ఆ టెన్షన్ మాత్రం తప్పదు. నేను అక్కడే ఆగిపోయి క్లినిక్‌కి వచ్చేశాను.

ధర్మవరం_నుంచి:
పేషెంటు ఇంట్లోవాళ్ళగా ఒక మాట. మా అన్నకి 22 ఏళ్ళప్పుడు చెవిలో మాటలు వినపడటం మొదలైంది. ఒక ప్రైవేటు చోట స్కాన్ తీసి "నార్మల్" అని రాసిచ్చారు, అంతకుమించి ఎవరూ వివరించలేదు. నాన్న ఆ కాగితం చూపించి "అంతా బాగుంది, వీడు నటిస్తున్నాడు" అన్నారు. మాత్రలు మాన్పించారు. మూడు నెలలకు అన్న రాత్రిపూట రైలు పట్టాల దగ్గర దొరికాడు. తర్వాత బెంగళూరులో రీసెర్చ్ చేస్తున్న ఒక డాక్టరమ్మ నాన్న పక్కన కూర్చుని చెప్పింది: "ఇంటి ఫొటో తీస్తే గోడలు బాగానే కనబడతాయి. లోపల కరెంటు ఎక్కడ తేడా కొడుతోందో ఫొటోలో తెలీదు. అది తెలుసుకోవడానికే మేం పనిచేస్తున్నాం." ఆ రోజు నుంచి నాన్నే మాత్రలు ఇస్తున్నారు. ఆవిడ అరగంట మా కుటుంబాన్ని నిలబెట్టింది. మీ తమ్ముణ్ణి ఆపకండి.

బన్నేరుఘట్ట_రోడ్డు:
మీ నాన్నగారిని ఒకసారి నిమ్హాన్స్‌లోని (బెంగళూరులో మానసిక, నరాల జబ్బుల పెద్ద ఆసుపత్రి) బ్రెయిన్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. నిజమైన మెదడును దగ్గరగా చూడొచ్చు.

హిందూపురం_అక్క:
అందరికీ దణ్ణం. రాత్రి నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ధర్మవరం వారి మాట దగ్గర లేచి వెళ్ళి, కాసేపటికి వచ్చి "మళ్ళీ చదువమ్మా" అన్నారు. మ్యూజియానికి వస్తానన్నారు. తమ్ముడు అడుగుతున్నాడు, స్కాన్ డేటా పనికి ముందు పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోవాలా, స్టాటిస్టిక్సా?

లక్కసంద్ర_లాబ్:
స్టాటిస్టిక్స్. పైథాన్ పని పడ్డప్పుడు అదే వస్తుంది. వచ్చేటప్పుడు నాకు మెసేజ్ పెట్టమనండి, స్కాన్ గది చూపించే ఏర్పాటు చేస్తాను.