173 హైటు, 78 కేజీలు: 170 సెం.మీ. స్కీ కొనాలా 178 కొనాలా? పిస్ట్‌కీ (చదును చేసిన మంచు దారి), ఆఫ్-పిస్ట్‌కీ (చదును చేయని మంచు) ఒకటే జత

లవ్‌లాండ్_ఆదివారం
అందరికీ నమస్తే. డెన్వర్‌లో ఉంటా, ఇది నాకు ఐదో సీజన్. ఇన్నాళ్లూ సీజన్ రెంటల్‌తోనే లాగించేశా, 165 సెం.మీ. లెంగ్త్, నడుము దగ్గర, అంటే మధ్యలో, వెడల్పు 76 మి.మీ. ఉండే పిస్ట్ స్కీ. గ్రూమ్ చేసిన (యంత్రంతో చదును చేసిన) బ్లాక్ రన్స్, అంటే బాగా నిటారు దారులు, ఇబ్బంది లేకుండా దిగుతున్నా. పోయినేడాది నుంచి లవ్‌లాండ్ రిసార్టులో బౌల్స్‌లోకి (గిన్నెలా ఉండే కొండవాలులు), చెట్ల మధ్యకి వెళ్లడం మొదలుపెట్టా, కానీ మోకాలి దాకా మంచు పడ్డ రోజు మాత్రం స్కీ ముక్కు మునిగిపోయి ముందుకి పడిపోతున్నా. ఇప్పుడు సొంతంగా ఒక జత కొందామని 96 మి.మీ. నడుము, ముందూ వెనకా రాకర్ ఉన్న స్కీ చూశా. ఉన్న సైజులు 170, 178. షాపతను నన్ను నిలబెట్టి, స్కీ పక్కన పెట్టి చూసి 170 చాలు అన్నాడు. నాతో వచ్చే ఫ్రెండేమో 178 కంటే తక్కువ కొంటే డబ్బులు దండగ అంటున్నాడు. పెట్టేది చిన్న మొత్తం కాదు, మీరేమంటారు?

పౌడర్_పిచ్చి
178 బ్రో, రెండో ఆలోచన వద్దు. గడ్డం దాకా, నుదురు దాకా అనే కొలత రాకర్ లేని రోజుల్లోది. రాకర్ అంటే ముక్కు, తోక కాస్త ముందునుంచే పైకి లేచి ఉంటాయి కదా, గట్టి మంచు మీద ఆ భాగం నేలకి ఆనదు. అంటే పైన 178 అని రాసున్నా పిస్ట్ మీద నీ కింద పనిచేసే ఎడ్జ్ (స్కీ అంచు) ఇప్పుడు వాడే 165 కంటే పెద్ద పొడుగేం ఉండదు. పౌడర్‌లోకి (కొత్తగా పడ్డ మెత్తటి మంచు) దిగాకే మొత్తం లెంగ్త్ పనిలోకి వస్తుంది. ఇంకోటి, మంచుకి నీ హైటుతో పనిలేదు, బరువుతోనే పని. బూట్లు, బ్యాగు, నీళ్లు కలిపితే నువ్వు 85 దాటతావు. నేను రెండు సీజన్లు 168 మీద నెట్టుకొచ్చా, ముక్కు మునుగుతుందేమోనని వెనక్కి వాలేవాణ్ణి, వాలితే స్కీ తిరగదు, తిరగకపోతే భయం, భయమేస్తే ఇంకా వెనక్కి, మధ్యాహ్నానికల్లా తొడలు మండిపోయేవి. 180 కి మారిన మొదటిరోజే నిటారుగా నిలబడి దిగా.

ఎడ్జ్_మాస్టారు
నేను ఒప్పుకోను. ముక్కు మునగడానికి లెంగ్త్ ఒక్కటే కారణం అన్నట్టు రాశారు, లెక్క వేసి చూడండి. అదే 96 నడుములో 170 నుంచి 178 కి వెళ్తే స్కీ అడుగు వైశాల్యం సుమారు 5 శాతం పెరుగుతుంది, అంతే. ఆయన 76 నుంచి 96 కి వెళ్లడంతోనే నడుము లెక్కన పావువంతు పెరిగిపోయింది! తేలడానికి కావాల్సింది అక్కడే వచ్చేసింది. ఆ మిగతా 8 సెంటీమీటర్ల కోసం ఆయన చెట్ల మధ్య, మోగుల్స్‌లో (జనం దిగి దిగి ఏర్పడిన మంచు గుట్టలు, బంప్స్ అన్నా అవే) రోజంతా కష్టపడాలి. కొలరాడోలోని మేరీ జేన్‌లో బంప్స్ దిగినవాళ్లకి తెలుస్తుంది, తోక పొడుగైతే వెనకున్న గుట్టకి తగులుతుంది, ఒక టర్న్ ఆలస్యమైతే వరసగా నాలుగు పోతాయి. పొడుగు స్కీ అంటే పెద్ద స్కీయర్ అనుకోవడం కూడా తప్పే. వరల్డ్ కప్ స్లాలమ్‌లో మగవాళ్లకి ఎఫ్ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పెట్టిన కనీస లెంగ్త్ 165, వాళ్లు దిగేది కూడా దాని మీదే.

పౌడర్_పిచ్చి
మాస్టారూ, అదే ఎఫ్ఐఎస్ మగవాళ్ల జెయింట్ స్లాలమ్‌కి 193 కనీసం, 30 మీటర్ల రేడియస్ (స్కీ అంచు వంపు) పెట్టింది, డౌన్‌హిల్‌కి 218. స్లాలమ్‌లో గేట్లు దగ్గరగా ఉంటాయి, చిన్న చిన్న టర్న్స్ తిప్పాలి కాబట్టి పొట్టి. పైగా ఆ 165 ఎంత బిరుసుగా ఉంటుందో మీకు తెలియనిది కాదు, దాన్ని బౌల్‌లోకి తీసుకెళ్తే ఎడ్జ్ ఎక్కడపడితే అక్కడ పట్టేసి విసిరికొడుతుంది. లెంగ్త్ వేగాన్ని బట్టి, టర్న్ సైజుని బట్టి ఉంటుందని మీ ఉదాహరణే చెప్తోంది.

తాహో_తెలుగమ్మాయి
మీ ఇద్దరూ మంచు ఎలాంటిదో మాట్లాడకుండా వాదించుకుంటున్నారు. కొలరాడోలో పడేది పొడి మంచు, ఊదితే ఎగురుతుంది. మా కాలిఫోర్నియా తాహోలో పడేదాన్ని సియెర్రా సిమెంట్ అంటారు, తడిసి బరువుగా ఉంటుంది, మధ్యాహ్నానికి జనం తొక్కి తొక్కి కుప్పలు కుప్పలుగా అయిపోతుంది. నేను 158, 56 కేజీలు. ఆడవాళ్లకి ఇంతే అని షాపులో 149 చేతిలో పెట్టారు, నేనూ నమ్మి తీసుకున్నా. ఏప్రిల్‌లో ఒకరోజు నార్త్‌స్టార్‌లో ఆ కుప్పల్లోంచి వస్తుంటే ముక్కు ఒకదాంట్లోకి దూరి ఆగిపోయింది, స్కీ ఆగింది కానీ నేను ఆగలేదు, భుజం నాలుగు నెలలు నొప్పి. ఇప్పుడు 161, రాకర్ ఉంది, మరీ మెత్తగా లేదు, కుప్పల మీంచి కోసుకుంటూ వెళ్లిపోతుంది. నేనేమంటానంటే బరువు తక్కువ కదా, అమ్మాయి కదా అని పొట్టి, మెత్తటి స్కీ ఇవ్వడం మనకి మంచి చేస్తున్నామనుకుని చేసే కీడు. ఆఫ్-పిస్ట్ వెళ్లే అక్కాచెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే గట్టిగా అడిగి ఇంకో సైజు కూడా వేసుకుని చూడండి.

గుల్మార్గ్_వెళ్లొచ్చా
హైదరాబాద్ నుంచి. మాకు కొనడాలు లేవన్నా, దొరికిందే లెంగ్త్. గుల్మార్గ్‌లో గొండోలా (రోప్‌వే) రెండో ఫేజ్ ఎక్కితే అఫర్వాట్ శిఖరం కింద దాదాపు 3,900 మీటర్లకి పైన దింపుతుంది, అక్కణ్ణుంచి గ్రూమ్ చేసిన రన్ లాంటిది ఉండదు, అంతా ఆఫ్-పిస్టే. కింద రెంటుకిచ్చిన పాత 160, సన్న నడుము స్కీతో పైకి వెళ్లా. నేను 180, 82 కేజీలు. పది అడుగులకోసారి నడుం దాకా కూరుకుపోయి, ఊడిన స్కీ కోసం మంచు తవ్వుకోవడం, ఒకసారైతే అరగంట. తర్వాతి రోజు గైడ్ దగ్గర 184, లావుది దొరికింది, అదే కొండ, అదే నేను, కిందదాకా రెండుసార్లే పడ్డా. కాబట్టి నా ఓటు పొడుగుకే. కానీ ఒక్క మాట, లెంగ్త్ గురించి ఇంత మాట్లాడేవాళ్లు బీకన్ (మంచు కింద పూడిపోయినవాళ్లని కనిపెట్టే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కర్ర) గురించి ఎందుకు మాట్లాడరు? మీ రిసార్టుల్లో తాళ్ల లోపలి బౌల్స్‌ని పట్రోల్ వాళ్లు మంచు చరియలు జనం మీద విరిగిపడకుండా పేలుళ్లు పెట్టి చూసుకుంటారు. తాడు దాటితే చూసేవాళ్లు ఉండరు.

ఎడ్జ్_మాస్టారు
ఆ చివరి మాటకి దణ్ణం, నిజం. లెంగ్త్ సంగతికొస్తే, అక్కడ 160 నుంచి 184 కి మారారు, నడుము కూడా మారింది, అందులో లెంగ్త్ వాటా ఎంతో చెప్పలేం. నా భయం ఒకటే. 80ల్లో అందరూ 200 పైన స్కీలు, చెయ్యెత్తితే మణికట్టు దాకా రావాలి అనేవాళ్లు. 1993 లో ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ లాంటి లోతైన సైడ్‌కట్ (పక్క అంచుల వంపు) ఉన్న స్కీలు వచ్చాకే మామూలు వాళ్లు కూడా ఎడ్జ్ మీద టర్న్ కొట్టగలిగారు, లెంగ్త్ 20, 30 సెంటీమీటర్లు తగ్గింది. ఇప్పుడు రాకర్ పేరు చెప్పి మళ్లీ అందర్నీ పైకి తోస్తున్నాం. ఈ అబ్బాయి సీజన్‌లో 20 రోజులు వెళ్తే అందులో మోకాలి లోతు పౌడర్ ఎన్ని రోజులు? నాలుగు? మిగతా 16 రోజులు పిస్ట్ మీదా, బంప్స్‌లోనూ కదా గడిపేది.

లవ్‌లాండ్_ఆదివారం
అందరికీ థాంక్స్, రెండూ డెమో తీసుకుని ఒకే రోజు వేసుకున్నా. ముందు ఇంట్లో చేసిన పని చెప్తా, నాకు ఎక్కువ అర్థమైంది అక్కడే. జత స్కీలని అడుగూ అడుగూ ఆనించి నిలబెట్టా, ముక్కు వైపు నుంచి ఒక పాత బోర్డింగ్ పాస్ దూర్చి అది ఎక్కడ ఆగిందో టేప్ అంటించా, తోక వైపు కూడా అంతే, రెండు టేపుల మధ్య కొలిచా. నా రెంటల్ 165 కి 141 వచ్చింది. 178 కి 137! 170 కి 130. పొడుగనుకున్న స్కీ పిస్ట్ మీద నా పాతదానికంటే పొట్టి.

కొండ మీద, పొద్దున గ్రూమర్‌లో వేగం పెంచితే 170 ముక్కు టపటపా కొట్టుకుంది, 178 లో ఆ వణుకు చాలా తక్కువ. మధ్యాహ్నం బంప్స్‌లో మాస్టారు చెప్పిందే జరిగింది, 178 తోక రెండుసార్లు తగిలింది, అలసిపోయాక ఇంకా ఎక్కువ. చెట్ల మధ్య కూడా 170 హాయిగా తిరిగింది. పాత పౌడర్ కొంచెం మిగిలిన చోట మాత్రం 170 మీద మళ్లీ వెనక్కి వాలడం మొదలుపెట్టానని నా తొడలే చెప్పాయి. 178 తీసుకుంటున్నా. బంప్స్ నేర్చుకుంటా మాస్టారూ.

ఎడ్జ్_మాస్టారు
137 అంటే నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ, ఆ స్కీకైతే 178 సరే. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) ఫ్యాక్టరీ గీత మీదే పెట్టించు, తోక తగులుతోందని వెనక్కి జరిపించకు, జరిపితే వెనక తోక పొట్టిదవుతుంది కానీ ముందు భాగం బరువెక్కి టర్న్ మొదలుపెట్టడానికే తంటా. బూటు ఏ సైజు, సోల్ లెంగ్త్ ఎంత? డిన్ సెట్టింగ్ (పడినప్పుడు బైండింగ్ ఎంత బలానికి ఊడాలో చెప్పే అంకె) రెంటల్ కార్డు మీదది గుడ్డిగా దించేయకుండా బరువు, వయసు, నువ్వు దిగే తీరు చెప్పి మళ్లీ చూపించుకో.