ఎపెక్స్ లొకేటర్ (ఫైల్ వేరు కొన, అంటే ఎపెక్స్, చేరిందో లేదో కరెంటుతో చెప్పే యంత్రం) డిస్టల్ కెనాల్‌లో (వెనక వేరు కాలువలో) ముందే కూస్తోంది, కారణం ఏమై ఉంటుంది?

రూట్ కెనాల్ చేస్తున్నది కింది మొదటి మోలార్‌కు (దవడ పన్నుకు), పల్ప్ (పంటి లోపలి మెత్తటి భాగం) చచ్చిపోయింది, పైన పాత మెటల్ క్రౌన్ (తొడుగు). యాక్సెస్ (లోపలికి దారి) దాన్లోంచే తీశాం. మీసియల్ (ముందు వైపు) కెనాల్స్ రెండింటిలో 15 నంబర్ కె-ఫైల్‌కు (కెనాల్‌లో దించే సన్నటి పనిముట్టుకు) రీడింగ్ కదలకుండా నిలుస్తోంది: 19.5, 19 మి.మీ. చిక్కంతా డిస్టల్‌తోనే. ఫైల్ 14 మి.మీ. దిగేసరికే లొకేటర్ తెరమీది గీత గబుక్కున ఎపెక్స్ దాటేసి కూత పెడుతోంది. ఆర్‌వీజీలో (డిజిటల్ ఎక్స్‌రేలో) చూస్తే ఫైల్ కొన ఎపెక్స్‌కు దాదాపు 5 మి.మీ. ఇవతలే ఉంది.

ఛాంబర్‌లో (కెనాల్స్ పైనున్న గదిలో) నిలిచిన హైపోక్లోరైట్‌ను (కడిగే ద్రావణాన్ని) దూదితో అద్ది తీసి, కెనాల్ లోపల మాత్రం తడి ఉంచాం. లొకేటర్ నుంచి పెదవికి తగిలించే లిప్ క్లిప్ మార్చాం. ఫైల్ క్రౌన్‌కు తగిలితే కరెంటు అటే పోతుందని సందు పెద్దది చేశాం. వెడల్పు కెనాల్ కదా, 15 వదులుగా ఉందేమోనని 30 కూడా వేశాం. అదే చోట అదే కూత. క్రౌన్ అంచు దగ్గర లాలాజలం కారుతోందంటే ఫైల్ పైనుండగానే కూయాలి, కాబట్టి అది కాదనుకుంటున్నా. కెనాల్ ఆరబెట్టే పేపర్ పాయింట్ (సన్నటి కాగితపు పుల్ల) కొన పొడిగానే వస్తోంది, 14 దగ్గర ఒక పక్కన మాత్రం ఎర్రటి చుక్క. ఇదే అసలు అనుమానం: చిల్లా, రిసార్ప్షనా (వేరు కరిగిపోవడమా), పెద్ద పక్క కెనాలా?

ట్యూబ్‌ను 20 డిగ్రీలు పక్కకు జరిపి ఇంకో షాట్ తీస్తే తేలుతుందా, లేక సీబీసీటీ (3డీ ఎక్స్‌రే స్కాన్) తప్పదా? చిల్లే అయితే, కొన వంచిన 10 నంబర్ ఫైల్‌ను ఎదుటి గోడవెంట దింపితే లొకేటర్ కింద మళ్ళీ సరైన రీడింగ్ ఇస్తుందా? లేక రేడియోగ్రాఫిక్ ఎపెక్స్‌కు (ఎక్స్‌రేలో కనిపించే వేరు కొనకు) 1 మి.మీ. తగ్గించి పొడవు తీసుకోవడమేనా? అంతవరకు కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూసేయొచ్చా?