కొంగ జపం: కొంగ నిజంగా చేసేదేమిటి?

కొంగ జపం అన్నా బకధ్యానం అన్నా కపట భక్తేనని ఇప్పటికే చాలామంది రాశారు. అర్థం విషయంలో నాకూ పేచీ లేదు. పక్షుల్ని గమనించే అలవాటు ఉంది కాబట్టి ఒక్క సంగతి చేరుస్తాను. ఈ మాట వినగానే మన కళ్ల ముందు కదిలే బొమ్మలో కొంగ చేసే రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి.

ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం జపం చేస్తోందంటాం. కానీ ఒంటికాలి మీదున్న కొంగ సాధారణంగా వేటలో ఉండదు, విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. దాని సన్నటి కాళ్లకు ఈకల రక్షణ లేదు, ఒంట్లో వేడి వాటిగుండా పోతుంది. అందుకే ఒక కాలిని పొట్ట ఈకల్లోకి ముడుచుకుంటుంది. ఆ భంగిమలో కపటం ఏమీ లేదు.

వేటలో ఉందో లేదో తెలియాలంటే కాళ్లూ మెడా చూడండి. రెండు కాళ్లూ నీళ్లలో ఉంటాయి. మెడ వెనక్కి మడతపడి ఉంటుంది. ఆ మడత దగ్గరుండే ఆరో మెడ ఎముక పొడుగ్గా ఉండి తలుపు బందులా పనిచేస్తుంది, దాంతో ముక్కు ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్తుంది. నీళ్లలోని చేప ఉన్నచోటికన్నా కాస్త పైకి కనిపిస్తుంది కదా, కొంగ ఆ తేడాను కూడా సరిచూసుకునే పొడుస్తుంది. సముద్రతీరాల్లో తిరిగే రీఫ్ హెరాన్ అనే కొంగ మీద 1987లో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని చూపించింది. అంత ఏకాగ్రతను జపం అన్నవాళ్లు కొంగను బాగానే చూశారు, కాకపోతే దాని ఆకలిని తప్పుగా లెక్కేశారు.

గుడ్డికొంగ అనే పేరూ ఇలాంటిదే. తోటలో చిన్న నీటిగుంట ఉన్నా వచ్చి, మట్టిరంగు ఒళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. మనం బాగా దగ్గరికెళ్లినా కదలదు, అందుకే కళ్లు కనబడవనుకున్నారు. నిజానికి దాని చూపు చాలా చురుకు. కదలకుండా ఉంటేనే ఎవరి కంటా పడదు. ఇక తప్పదనుకున్నప్పుడు లేస్తుంది, అప్పటిదాకా దాచుకున్న తెల్లటి రెక్కలు ఒక్కసారిగా బయటపడతాయి. ఇంతకీ ఇదేనా మనం చూసిన పక్షి అనిపిస్తుంది!

సముద్రపు ఒడ్డున కనిపించే చిన్న తెల్లకొంగకు మాత్రం ఈ జపం సరిపడదు. నల్లటి కాళ్లు, పసుప్పచ్చటి పాదాలు. లోతు తక్కువ నీళ్లలో అటూ ఇటూ పరుగెడుతుంది, పాదంతో బురద కదిపి దాక్కున్నవాటిని బయటికి తోలుతుంది. దీన్ని చూసినవాళ్లెవరూ ఆ మాట పుట్టించి ఉండరని నా నమ్మకం.

మోసం అనే అర్థం అతికినట్టు సరిపోయేది స్ట్రయేటెడ్ హెరాన్ అనే పొట్టి కొంగకే. పురుగునో ఈకనో నీళ్ల మీద వేసి, దాని కోసం వచ్చిన చేపను పట్టుకోవడం దాని విద్య.

గుడ్డికొంగకు మీ వైపు ఇంకో పేరేదైనా వాడుకలో ఉంటే రాయండి.